ఇంగ్లీషు జ్వరాలు

ఆ ఎండాకాలం మా కాలనీలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు నాకే తెలిసేది. నిజం చెప్పాలంటే రాకముందే తెలిసేది. చుట్టాల పెళ్లికి పోవాలన్నా, ఊళ్లో వరి కోయించాలన్నా, మొక్కు తీర్చుకోవాలన్నా బొగ్గుబాయిలో పనిచేసే మనిషికి సెలవు కావాలి. సెలవుకు చీటీ కావాలి. ఆ చీటీలో ఏదో ఒక రోగం ఉండాలి. దాన్ని ఇంగ్లీషులో రాసిపెట్టేది నేను.

తెలుగులో రాసినా ఆఫీసులో తీసుకుంటారు, ఎవరూ కాదనరు. కానీ మావాళ్లకు అదొక భయం. లేని రోగాన్ని తెలుగులో రాసి కింద సంతకం పెడితే అది ఒంటిమీదికి వస్తుందని. పక్క క్వార్టర్ హనుమండ్లన్న ఆ సంగతి బాహాటంగానే చెప్పేవాడు.

"మన మాటల అంటే పైన తథాస్తు దేవతలు వింటరు చెల్లె. ఇంగ్లీషుల రాస్తే ఆళ్లకు సమజ్ కాదు. నువ్వు గట్టిగనే రాయి, ఏం ఫికర్ లేదు."

"ఏం రోగం రాయాలె అన్నా?"

"పోయినసారి ఏం రాసినవ్?"

"విరేచనాలు."

"అరె, ఇప్పుడు పోయేది మా మరదలు పెండ్లికి. జర మర్యాదున్న రోగం రాయి."

మర్యాదున్న రోగమంటే మా దగ్గర టైఫాయిడ్. నాలుగైదు రోజులు ఖాయంగా వస్తాయి. "ఐ బెగ్ టు స్టేట్ దట్" అని మొదలుపెట్టి, నడుమ "సఫరింగ్" అనే మాట తప్పకుండా వేసి, చివర "యువర్స్ ఒబీడియంట్లీ" అని దిగిపోయేదాన్ని. ఆ సఫరింగ్ లేకపోతే వాళ్లకు తృప్తి ఉండేది కాదు. కాగితంలో ఆ మాట ఎక్కడుందో వేలితో చూపించమనేవారు.

నా ఉద్యోగం కూడా ఇంగ్లీషుతోనే. హైదరాబాద్ కంపెనీ ఒకటి, పని ఇంటినుంచే. ముందు గదిలో కూలర్ పక్కన కూర్చుని ఎక్కడెక్కడివాళ్ల ఫిర్యాదులకో జవాబులు టైపు చేసేదాన్ని. మా టీమ్‌లో సెలవు అడిగే పద్ధతి వేరు. అక్కడ ఎవరికీ జ్వరం రాదు, "ఫీలింగ్ అండర్ ది వెదర్" అంటారు. పని ముగిస్తే లేచిపోవడం ఉండదు, "సైనింగ్ ఆఫ్ ఫర్ ది డే" అని గ్రూపులో పెట్టాలి. రోజూ ఒకటే పెడితే బాగుండదని ఒకరోజు "లాగింగ్ ఆఫ్", ఒకరోజు "కాలింగ్ ఇట్ ఎ డే" అని మార్చేదాన్ని. సాయంత్రం ఆరున్నరకు ఆ ముక్క పెట్టి కంప్యూటర్ మూయగానే, మంచం మీద కూర్చున్న మా బాపు మొండయ్య అడిగేవాడు.

"ఇయ్యాల ఏం చెప్పి లేచినవ్ బిడ్డా?"

"కాలింగ్ ఇట్ ఎ డే అని చెప్పిన."

"అంటే?"

"ఇయ్యాల్టికి గింతే, చాలు అని."

"గట్ల అనంగనే ఇడిసిపెడ్తరా?"

"ఇడిసిపెడ్తరు బాపూ."

"మంచిగున్నది," అని నవ్వేవాడు. నవ్వు సగంలో దగ్గు వచ్చేది. బొగ్గుబాయి మనిషికి దగ్గు రాకపోతేనే వింత కాబట్టి ఇంట్లో ఎవరం దాన్ని పట్టించుకోలేదు.

ఆ ఎండాకాలం కాలనీలో నాతో చీటీ రాయించుకోనివాడు బాపు ఒక్కడే. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. బాయి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని. అన్నేళ్లలో చెప్పాపెట్టకుండా ఒక్క రోజు మానలేదు. పని చేసిన ప్రతి రోజుకూ పడే హాజరును మా దగ్గర మస్టర్ అంటారు. బాపు మస్టర్ల ముచ్చట వేరే బాయిలవాళ్లు కూడా చెప్పుకునేవాళ్లు.

ఏప్రిల్‌లో యూనియన్ సుధాకరన్న ఇంటికి వచ్చాడు. తమ్ముడు సంపతే పిలుచుకొచ్చాడు. వాడు మంచిర్యాలలో ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. డిగ్రీ అయ్యి నాలుగేళ్లు, ఏ పరీక్ష రాసినా అటూ ఇటుగా పోయింది. అవ్వ అనసూర్య చాయ్ పెట్టింది. సుధాకరన్న కప్పు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"ముచ్చట సీదా చెప్తున్న మొండన్నా. జూలై పది దాటితే నీకు మిగిలే సర్వీసు రెండేండ్లకు తక్కువ పడ్తది. అటెన్క నువ్వు అన్‌ఫిట్ అయినా నీ జాగల పోరనికి కొలువు రాదు. గీ లోపల్నే సిక్ పెట్టాలె, మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టాలె."

"నాకేమైందని సిక్ పెట్టాలె?"

"ముప్పై ఏండ్లు బాయిల పనిచేసినోనికి ఏదో ఒకటి ఉండకపోతదా? ఉన్నదో లేదో డాక్టర్లు చూస్తరు. నువ్వు పోతే గదా చూసుడు."

"నాకేం కాలే. గుండు లెక్కనే ఉన్న. పని చేసుకుంట, చేస్తలేనని ఎట్ల చెప్త?"

సంపత్ గోడకు ఆనుకుని ఉన్నాడు. "నీకు నాగా లేదన్న పేరు గావాలె. కొడుకు ఏమైపోతే నీకేంది," అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత నెలకు పైగా తండ్రితో మాట్లాడలేదు.

ఆ నెల మా ఇంట్లో అందరం అలసిపోయాం. పోట్లాట ఉంటే ఒకలా ఉండేది. పోట్లాట కూడా లేదు. గిన్నెల చప్పుడే మాటలు. అవ్వ మాత్రం అన్నం వడ్డిస్తూ ఒక్క మాట వదిలేది.

"గా మస్టర్ల పేరు బొందలకు కొంటవోతవా ఏంది?"

బాపు తలెత్తకుండా తిని లేచేవాడు. ఫస్ట్ షిఫ్ట్ మూడింటికి ముగుస్తుంది. బస్సు దిగితే ఇల్లు పది నిమిషాలు. బాపు నాలుగున్నర దాటినా వచ్చేవాడు కాదు. లస్మవ్వ హోటల్ ముందు బల్ల మీద కూర్చుంటున్నాడని వాళ్లూ వీళ్లూ చెప్పారు. ఇంట్లో మా మొహాలు చూడలేక అక్కడ కాలక్షేపం చేస్తున్నాడనుకున్నాం. పక్క కూడా బయటికి మార్చాడు. ఉక్క అన్నాడు. గోడకు ఒరిగి కూర్చునే కునికేవాడు. కోపం కావచ్చనుకున్నాం.

నాకూ కోపంగానే ఉండేది. దాచడం ఎందుకు, నాకూ నా స్వార్థం ఉంది. సంపత్‌కు కొలువు వస్తే ఈ క్వార్టర్ నిలబడుతుంది, ఇల్లు వాడు చూసుకుంటాడు, నేను హైదరాబాద్ ఆఫీసుకు పోవచ్చు. మూడేళ్లుగా నాకు కూలర్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు తెలియదు. కాలనీ మొత్తానికి అబద్ధాలు రాసిపెట్టాను, మా ఇంటికి ఒక్క అబద్ధం రాసుకుంటే ఏం పోతుంది అనుకున్నాను.

మే నెల చివరి ఆదివారం. అవ్వ, సంపత్ ఏదో పనిమీద మంచిర్యాల పోయారు. బయట నలభై ఆరు డిగ్రీలు. బాపు లోపల కూర్చుని మామిడికాయ ముక్కలు కోస్తున్నాడు. నేను ముందురోజే దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. ఇది రెండు రోజుల సెలవు చీటీ కాదు, టైఫాయిడ్ పనికిరాదు. అందుకే ఫోన్‌లో గంటసేపు వెతికి, బొగ్గు దుమ్ము పట్టిన మనిషికి ఏమేం అవుతుందో ఒక్కొక్కటే ఏరి రాశాను. చెప్పొద్దూ, బాగా కుదిరిందనిపించింది.

"బాపూ, ఒక్కసారి ఇను. అటెన్క నీ ఇష్టం."

బాపు వద్దనలేదు, కత్తి ఆపలేదు. నేను ఇంగ్లీషు ముక్క చూసి తెలుగులో చెప్తూ పోయాను. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగడుగులకోసారి ఆగవలసి వస్తున్నది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు, కూర్చునే నిద్రపోతున్నాను. తెల్లవారుజామున దగ్గు తెర ఆగడం లేదు, తెమడ నల్లగా పడుతున్నది. పని దిగిన తర్వాత ఇంటిదాకా ఒక్క నడకన నడవలేక మధ్యలో కూర్చుంటున్నాను. బరువు ఎత్తితే ఛాతీ పట్టేస్తున్నది.

కత్తి చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

"ఎవలు చెప్పిండ్రు నీకు?" అన్నాడు బాపు.

"ఎవలు చెప్తరు? దరఖాస్తు అంటే గిట్లనే రాయాలె."

"గంత ఇవరంగ ఎందుకు? జొరమని రాయరాదు?"

"జొరానికి అన్‌ఫిట్ ఇస్తరా బాపూ?"

బాపు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మామిడి పులుపు అంటిన వేళ్లతో కాగితం తీసుకుని, తనకు చదవరాని ఆ వరసల్ని కిందిదాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"పెన్నియ్యి," అన్నాడు.

నెల రోజులు అవ్వ దెప్పినా, తమ్ముడు మాట మానేసినా కదలని మనిషి నా కాగితానికి కదిలాడు. నాకు గర్వంగా అనిపించింది. సంతకం ఆరకముందే ఫొటో తీసి సంపత్‌కు పంపాను.

బోర్డు పిలుపు జూన్ మూడో వారంలో వచ్చింది. పెద్దాసుపత్రికి బాపును తీసుకుపోవలసింది నేనే. మా టీమ్ గ్రూపులో "టేకింగ్ ది డే ఆఫ్, నాన్నకు రొటీన్ చెకప్" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో పెట్టాను. మేనేజర్ బొటనవేలి గుర్తు పంపాడు. ముందురోజు సాయంత్రం బాపుకు నేర్పించాను కూడా. మెట్ల దగ్గర ఆగు, డాక్టర్ ముందు రెండుసార్లు దగ్గు, గట్టిగా ఊపిరి పీల్చమంటే మధ్యలో వదిలెయ్యి. బాపు బడిపిల్లవాడిలా తలూపుతూ విన్నాడు.

ఆస్పత్రిలో వరండా నిండా బొగ్గుబాయి మనుషులే. కుంటుతున్నవాళ్లు, కంటికి కట్టు కట్టుకున్నవాళ్లు. ఎవరిది నిజమో ఎవరిది నేర్పిందో తెలియదు. రెండు రోజులు పరీక్షలు చేశారు. రెండో రోజు మధ్యాహ్నం ఊపిరితిత్తుల డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి ఉంది పెద్దాయనా ఆయాసం?"

"మూడేండ్లాయె మేడం," అన్నాడు బాపు.

బాగా చెప్తున్నాడనుకున్నాను.

"ఎత్తు ఎక్కగలుగుతున్నారా?"

"ఆగుకుంట ఎక్కుత."

"పడుకుంటే?"

"పండలేను. కూసుంట."

"మరి మూడేళ్లు పనికి ఎలా పోయారు?"

బాపు చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు. ఆమె నా వైపు తిరిగి, పెన్ను మొనతో ఎక్స్‌రే మీద తెల్లటి మచ్చలు చూపించింది. ఇక్కడ, ఇక్కడ, కింద మొత్తం. ఇంతదాకా వచ్చేవరకు ఇంట్లోవాళ్లు ఏం చూస్తున్నారమ్మా అంది. ఇవి పోయేవి కావు, ఇక దుమ్ములోకి పోకుండా చూసుకోవడమే అంది. నేను రాసిన వాక్యాలన్నీ ఆ గదిలో నా ముందు నిలబడి ఉన్నాయి. లస్మవ్వ హోటల్ బల్ల, గోడకు ఒరిగిన కునుకు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. బాపు దగ్గలేదు. నేను నేర్పింది ఒక్కటీ చేయలేదు.

బయటికి వచ్చాక ఏం అడగాలో తెలియక మంచినీళ్ల సీసా చేతికిచ్చాను. తాగి, "పోదాం బిడ్డా, బస్సుకు జాగైతది," అన్నాడు.

పది రోజులకు కాగితం వచ్చింది. అన్‌ఫిట్. మా బొగ్గుబాయిల దగ్గర ఆ మాట ఇంటికి వస్తే పండగ. సంపత్ దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. హనుమండ్లన్న మైసూర్‌పాక్ డబ్బాతో వచ్చాడు. "మొండన్న పాసయిండట గదా!" అని గేటు దగ్గరినుంచే అరిచాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి బాపు చేతులు ఊపి, అదృష్టవంతుడివి అని చెప్పిపోయారు. బాపు అందరికీ మిఠాయి అందించాడు.

అవ్వకు మాత్రమే నేను అసలు సంగతి అంతకుముందే చెప్పాను. ఆమె ఆ సందట్లో నన్ను వంటింట్లోకి లాగింది.

"నువ్వు రాసినందుకే అయింది. ఎందుకు రాసినవే గంతగనం?"

"మూడేండ్ల సంది ఉన్నదట అవ్వా."

"నువ్వు రాసినందుకే," అంది మళ్లీ. నన్ను కొట్టడానికి చెయ్యి ఎత్తి, ఆ చేత్తోనే కొంగు నోట్లో కుక్కుకుంది. బయట మనుషులున్నారు మరి.

ఆగస్టు మొదటి వారంలో, శిక్షణ లాంఛనాలు ముగిశాక, సంపత్ మొదటి షిఫ్ట్. ముసురు పట్టి ఉంది. కొత్త బూట్లు, కొత్త టోపీ, నడుముకు కొత్త బెల్టు. వాడు అద్దం ముందు సెల్ఫీ తీసుకున్నాడు. అవ్వ సద్ది కట్టింది. కంపెనీ బస్సు అందుకోవడానికి ఆరింటికి బయలుదేరి, మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నిజంగా సంతోషంగా ఉన్నాడు. నాలుగేళ్లలో వాడి మొహం అలా చూడలేదు.

వాడు మలుపు తిరిగినా బాపు గేటు దగ్గరే నిలబడ్డాడు. జల్లు పడుతుంటే నేను గొడుగు పట్టుకుని పోయాను. నెలన్నరగా గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాను.

"మూడేండ్లు ఎందుకు దాసినవ్ బాపూ? మస్టర్ల పేరు కోసమేనా?"

"పేరేం చేసుకుంట?" అన్నాడు. ఊపిరి కోసం ఆగాడు. "మీ అవ్వకు చెప్తే తెల్లారే దవాఖానకు గుంజుకపోతుండె. దవాఖానకు పోతే అన్‌ఫిట్ రాస్తుండ్రి. అన్‌ఫిట్ రాస్తే పోరడు బాయిల దిగుడే. జూలై పది దాంక పట్టుకుంటే చాలు, ఇగ వానికి కొలువు రాదు, పైన్నే ఏదన్న చూసుకుంటడు అనుకున్న. నువ్వు కాగితం సదివిన్నాటికి ఇంక ముప్పై అయిదు మస్టర్లే ఉండె."

గొడుగు ఆయన వైపు జరిపాను.

"మరి సంతకం ఎందుకు పెట్టినవ్?"

"అలిసిపోయి ఉంటి బిడ్డా. నువ్వు ఒక్కొక్కటి సదువుతుంటే, నాకైనయన్ని నీకు ఎర్కే అనుకున్న. ఎర్కైనంక ఇగ దాసుడెందుకు అనిపిచ్చింది."

"నాకేం ఎర్క లేదు బాపూ," అన్నాను. "అన్నీ ఫోన్ల చూసి రాసిన."

బాపు నా మొహంలోకి చూశాడు. నేను ఆయన కళ్లలోకి చూడలేకపోయాను.

"గట్లనా," అన్నాడు.

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు వచ్చింది. గొడుగు ఆయన చేతిలో పెట్టి లోపలికి వచ్చి కంప్యూటర్ తెరిచాను. ఆ రోజు ఎన్ని ఫిర్యాదులకు ఏం జవాబులు ఇచ్చానో నాకు గుర్తు లేదు.

నాలుగింటికి సంపత్ వచ్చాడు. స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచున నలుపు పోలేదు, కాటుక పెట్టినట్లుంది. వస్తూనే లోపల ఎంత చల్లగా ఉందో, ఎవరెవరు ఏమన్నారో, మొండన్న కొడుకని తెలిసి ఒకాయన తన పక్కన కూర్చోబెట్టుకున్నాడని ఒకటే ముచ్చట. బాపు విన్నాడు. లేచి వంటింట్లోకి పోయి, నిమ్మకాయంత బెల్లంగడ్డ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"తిను. గొంతుల దుమ్ము దిగుతది. రోజూ రాంగనే తినాలె."

"గివన్ని పాత ముచ్చట్లు బాపూ."

"తిను అంటున్న గదా."

వాడు నవ్వుతూ నోట్లో వేసుకున్నాడు. వాడు మింగేదాకా బాపు అక్కడే నిలబడి చూశాడు. అవ్వ గడప దగ్గర, నేను కుర్చీలో. ముప్పై ఒక్క ఏళ్లు డ్యూటీ నుంచి రాగానే బాపు అంతే బెల్లం ప్రతిరోజూ తిన్నాడు. ఆ సంగతి అవ్వకు తెలుసు, నాకు తెలుసు.